తెల్లబడినంత మాత్రాన నీరంతా పోయినట్టు కాదు

మైలుతుత్తం (నీరు కలిసిన కాపర్ సల్ఫేట్) స్ఫటికాలను కల్వంలో వేసి నూరుతుంటే పొడి ఎక్కడా అంటుకోదు, తడి తగలదు. అయినా ఆ నీలి పొడి బరువులో 36.1 శాతం నీరే. ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు ఐదేసి నీటి అణువులు స్ఫటికంలో తమ తమ స్థానాల్లో అమరి ఉంటాయి. వాటినే స్ఫటిక జలం అంటాము. నాలుగు అణువులు రాగి అయాన్‌ను (విద్యుదావేశం ఉన్న రాగి పరమాణువును) అంటిపెట్టుకుని ఉంటాయి, ఐదవది సల్ఫేట్‌తో హైడ్రోజన్ బంధాలు కలుపుకుని ఉంటుంది. మనకు కనిపించే ఆ నీలిరంగు రాగి అయాన్ చుట్టూ నీరు ఉండటం వల్ల వచ్చినదే కాబట్టి, నీరు పోతే రంగు కూడా పోతుంది.

ఈ ఐదు అనే అంకెను పాఠ్యపుస్తకం మొదటే చెప్పేస్తుంది. ప్రయోగశాలలో నేను ఏటా ఎదుర్కొనే చిక్కు అంతా అక్కడే మొదలవుతుంది. జవాబు ముందే తెలిసిన విద్యార్థి తూకాన్ని నమ్మడం మానేసి జవాబు వైపు నడవడం మొదలుపెడతాడు. అందుకే లవణాన్ని వేడిచేసి, తగ్గిన బరువును బట్టి ఆ ఐదును కొలిచి తెలుసుకునే ఈ ప్రయోగంలో ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో, ఆ తప్పు అంకెను పైకి నెడుతుందో కిందికి లాగుతుందో వివరంగా రాయాలనిపించింది.

చేసే పని చూడటానికి చాలా సులువు. పింగాణీ మూసను మూతతో సహా ఖాళీగా బాగా వేడిచేసి, డెసికేటర్‌లో, అంటే లోపలి గాలిని తేమ లేకుండా ఉంచే మూతగాజు పాత్రలో, చల్లార్చి తూచాలి. అందులో మూడు గ్రాముల పైచిలుకు నూరిన మైలుతుత్తం వేసి మళ్ళీ తూచాలి. మూతను కొద్దిగా ఓరగా పెట్టి, మొదట చిన్న మంట మీద, తరువాత కాస్త పెంచి వేడిచేయాలి. చల్లారాక తూస్తే తగ్గిన బరువే పోయిన నీటి బరువు. ఖాళీ మూసను ముందుగా వేడిచేయడం దండగ అనుకునేవారు ఉంటారు. కానీ వానాకాలంలో మా సముద్రతీరపు గాలిలో పింగాణీ కూడా కాస్త తేమ పట్టుకుంటుంది. ఆ తేమ తరువాత మంట మీద పోయి, లవణంలోని నీటి లెక్కలో కలిసిపోతుంది.

మంట తగిలిన కొన్ని నిమిషాలకు మూస అడుగున, అంచుల వెంబడి నీలం పాలిపోవడం మొదలవుతుంది. ఆ సమయంలో చల్లటి గాజు పలకను పైన పట్టుకుంటే సన్నటి నీటి చుక్కలు అద్దుకుంటాయి. విద్యార్థులు ఆ చుక్కలను ఒకసారి కళ్ళారా చూడాలని నేను పట్టుబడతాను, ఎందుకంటే పోయేది నీరేనని చెప్పే సాక్ష్యం అక్కడ తప్ప లెక్కలో ఎక్కడా లేదు. తూకం బరువు తగ్గిందని మాత్రమే చెప్తుంది, తగ్గినది ఏమిటో చెప్పదు.

పొడి అంతా తెల్లబడగానే చాలామంది మంట ఆపేస్తారు. అసలు తొందరపాటు ఇదే. ఈ లవణం నీటిని ఒక్కసారిగా వదలదు. 60 డిగ్రీలు దాటాక రెండు అణువులు, 110 డిగ్రీల దరిదాపుల్లో మరో రెండు పోతాయి. చివరి అణువు 200 డిగ్రీల వరకు కదలదు. ఆ ఒక్క అణువు మిగిలిన లవణం కూడా చాలా పాలిపోయి ఉంటుంది, కంటితో చూసి నీరంతా పోయిందో లేదో తేల్చలేము. అందుకే వేడిచేయడం, చల్లార్చడం, తూచడం అన్న వరుసను తూకం మారకుండా నిలిచేదాకా తిరిగి తిరిగి చేయాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. 3.496 గ్రాముల లవణం తీసుకున్నామనుకుందాం. మొదటి విడతలో 1.224 గ్రాములు తగ్గింది. మిగిలిన 2.272 గ్రాములను కాపర్ సల్ఫేట్ అణుభారం 159.6తోను, తగ్గినదాన్ని నీటి అణుభారం 18.02తోను భాగించి నిష్పత్తి చూస్తే ఒకటికి 4.77 వస్తుంది. దగ్గరి పూర్ణాంకం ఐదే కదా అని రికార్డులో ఐదు రాసేసి లేచిపోవచ్చు. కానీ రెండో విడత తరువాత మొత్తం తగ్గుదల 1.259, మూడో విడత తరువాత 1.261 గ్రాములు. ఇప్పుడు నిష్పత్తి ఐదుకు వెంట్రుకవాసి తక్కువ. రెండు లెక్కల్లోనూ రాసే అంకె ఐదే అయినా, మొదటిది ముందే తెలిసిన జవాబుకు సరిపెట్టుకోవడం, రెండోది కొలిచి తెలుసుకోవడం.

మంట పెంచితే త్వరగా అయిపోతుందనుకోవడం మరో తప్పు. ఆరువందల డిగ్రీల దరిదాపుల్లో కాపర్ సల్ఫేటే విడిపోయి, సల్ఫర్ ట్రైఆక్సైడ్ పొగగా పోయి, నల్లటి కాపర్ ఆక్సైడ్ మిగులుతుంది. పోయిన ఆ పొగ బరువును కూడా మనం నీరనే లెక్కిస్తాము. మూస వేడిగా ఉండగానే త్రాసు మీద పెడితే, చుట్టూ గాలి వేడెక్కి పైకి లేస్తూ తూకాన్ని తగ్గించి చూపిస్తుంది. దానివల్ల కూడా నీరు ఎక్కువ వచ్చినట్టే తేలుతుంది. బల్ల మీద తెరిచిపెట్టి చల్లారిస్తే మాత్రం తెల్లటి పొడి గాలిలోని తేమను తాగి బరువెక్కుతుంది, అంకె పడిపోతుంది. ఆ దాహం ఎంతటిదో చూడాలంటే చల్లారిన పొడి మీద ఒక్క చుక్క నీరు వేయాలి: పడినచోట వెంటనే నీలం పొడుచుకు వస్తుంది, మూస వెచ్చబడుతుంది.

ఈ అంకెకు ప్రయోగశాల బయటా పని ఉంది. కొబ్బరికి, తమలపాకు తోటలకు బోర్డో మిశ్రమం (తెగుళ్ళకు చల్లే మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) కలిపే రైతు కిలో మైలుతుత్తం కొంటే అందులో నీరు సుమారు 360 గ్రాములు, రాగి సుమారు 255 గ్రాములు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీరు అన్న ఒక శాతం మిశ్రమపు లెక్క నీలి స్ఫటికాలకే వర్తిస్తుంది. నీరు లేని తెల్లటి పొడిని అదే కిలో తూచి వేస్తే రాగి ఒకటిన్నర రెట్లకు మించి పడుతుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థిని రికార్డు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. 3.012 గ్రాములకు 1.166 గ్రాములు తగ్గి, ఆమెకు 5.6 వచ్చింది. "సార్, ఐదు రావాలంటే ఇందులో ఏ తూకం మార్చాలి?" అని చాలా మామూలుగా అడిగింది. ఆ ప్రశ్న నన్ను బాధపెట్టింది, అలా అడగవచ్చునని ఆమెకు అనిపించేలా చేసింది మేమే కాబట్టి. "ఏదీ మార్చకమ్మా, ముందు మూస తీసుకురా" అన్నాను. పైన పొడి తెల్లగానే ఉంది. గాజుకడ్డీతో కదిపితే అడుగున పావలా బిళ్ళంత మేర నల్లటి పొర కనిపించింది. 5.6 ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు నేను చెప్పనవసరం లేకపోయింది.

మర్నాడు చిన్న మంట మీద, మూడు విడతలుగా మళ్ళీ చేసింది. 2.894 గ్రాములకు 1.040 గ్రాములు తగ్గింది, నిష్పత్తి 4.97. మొదటి రోజు పట్టికను కొట్టేయవద్దన్నాను. దాని కింద ఆమె తన మాటల్లో "అడుగున నలుపు, మంట ఎక్కువైంది, నీరు కానిది కూడా పోయింది" అని రాసి, రెండో పట్టికను పక్క పేజీలో వేసింది.