దశబంధం కాగితం కోసం మూడు నెలలు తిరిగా: నా అనుభవం

నిన్న సాయంత్రం ఇనాం ఫెయిర్ రిజిస్టర్ (పాతకాలంలో ఇనాంగా ఇచ్చిన భూముల వివరాలు రాసిన సర్కారు పుస్తకం) నకలు చేతికొచ్చింది. అందుకే వెంటనే రాస్తున్నా.

చంద్రగిరి పక్కన మా అమ్మమ్మోళ్ల ఊరి చెరువు చరిత్ర రాసి, తూము దగ్గర బోర్డు పెట్టాలని పని మొదలుపెట్టా. ఊళ్లో మాట్లాడించడం కష్టం కాలేదు. చెరువు నీళ్లు పంచే నీరుగంటి తాత కట్ట మీద కూర్చోబెట్టి ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదిలేవాళ్లో వేలు చూపించి చెప్పాడు. చెప్తా చెప్తా "అద్దో, అది దశబంధం మడి నాయనా, ఆ పేరెందుకో మాకు తెలీదు" అన్నాడు. సొంత డబ్బుతో చెరువు తవ్వినోళ్లకో బాగుచేసినోళ్లకో, కట్టని చూసుకోవాలన్న షరతుతో ఇచ్చే ఇనాం భూమే దశబంధం. 1858లో పెట్టిన ఇనాం కమిషన్ ఇట్లాంటివన్నీ విచారించి రిజిస్టర్లకెక్కించింది. ఆ పేజీ కావాలి నాకు.

ఒక ఆఫీసు రికార్డు రూమ్‌కి పోయా. మూడోసారి పోయినప్పుడు అక్కడాయన "నీ పేరు మీద భూముందా? లేదా? మరి నీకెందుకు, కబ్జాకా?" అని అందరి ముందూ గట్టిగా అడిగాడు. పక్కనున్న ప్లాట్ల బ్రోకర్లు నవ్వారు. వాళ్లలో ఒకడు పాత రిజిస్టర్ మీదే టీ గ్లాసు పెట్టి, పేజీలు తిప్పుకుంటా ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటున్నాడు, వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. పదేళ్లుగా పల్లెల చరిత్ర మీద పనిచేస్తున్నా, ఆ నిమిషం నోట మాట రాలేదు, బస్సెక్కినాక ఏడుపొచ్చింది. ఊరి చెరువు రికార్డు పట్టాదారుకి ఒక్కడికేనా, ఊరికి కాదా?

2022లో జిల్లాలు విడిపోయాయి కదా, ఇంకో నెల అక్కడడిగితే ఇక్కడ, ఇక్కడడిగితే అక్కడ.

నోటి మాటగా అడగొద్దు. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపేసి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, గడువు 30 రోజులు. పాత జిల్లా పేరు తప్పకుండా రాయండి. 1911కి ముందు చిత్తూరు జిల్లానే లేదు, చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటులో ఉండేది. ఆ ముక్క నేను రాసినాకే వాళ్లకి రిజిస్టర్ దొరికింది! 28వ రోజు ఫోనొచ్చింది, నకలుకి పేజీకి 2 రూపాయలు.

పొద్దున్నే తాతకి చదివి వినిపించా. ఇనాందారు పేరుంది, మడి విస్తీర్ణముంది, చెరువు బాగోగులు చూడాలన్న షరతుంది. మొత్తం విని "మా వాళ్ల పేరు లేదా?" అన్నాడు. లేదు. రేపు మళ్లీ పోయి ఆయన నాయన, తాత, ముత్తాత పేర్లు రాసుకొస్తా, బోర్డు మీద ఇనాందారు పక్కనే పడతాయి.