మా పర్షియన్ పిల్లి వెన్నకి ఎడమ చంకలో బొచ్చు మళ్ళీ ఉండ కట్టింది, ఇది నాలుగోసారి

పోయిన ఆదివారం గంటన్నర కూర్చుని వెంట్రుక వెంట్రుకా విడదీశాను. సరిగ్గా ఆరు రోజులకి, నిన్న సాయంత్రం ఒళ్ళో పడుకోబెట్టుకుని నిమురుతుంటే అదే ఎడమ చంకలో వేలికి గట్టిగా తగిలింది. స్కేలు పెట్టి చూస్తే పొడవు 3.5 సెంటీమీటర్లు, వెడల్పు 2, చర్మానికి అంటుకునే ఉంది. చాలా నిరాశగా అనిపించింది.

మిగతా ఒళ్ళంతా బాగుంది, మెడ చుట్టూ జూలు ఇంత గుబురుగా ఈ మూడేళ్ళలో ఎప్పుడూ లేదు. కళ్ళ కింద ఎర్రమరకలు రోజూ రెండుపూటలా తడిదూదితో తుడిస్తే దాదాపు పోయాయి.

సంగతంతా ఆ చంకదే. కుడివైపు ఒక్కసారి కూడా కట్టలేదు, అదే నన్ను తినేస్తోంది.

మొదట తడి అనుకున్నాను. మాది విశాఖ, ఈ ఆగస్టులో ఇంట్లో తేమ మీటరు 78 శాతం కంటే కిందికి దిగడం లేదు. స్నానం తర్వాత 35 నిమిషాలు డ్రయ్యర్ పెడితే పైకి పొడిగానే కనిపించింది కానీ టిష్యూ పేపరు చంకలో పెట్టి నొక్కితే తడి అంటింది. పర్షియన్ లోపలి బొచ్చు దూది లాంటిది, నీళ్ళు పట్టుకుంటే వదలదు. అప్పుడు ఐదు రోజులకే ఉండ. రెండోసారి ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి గదిలో తేమని 58కి దించి, టిష్యూ పొడిగా వచ్చేదాకా 70 నిమిషాలు ఆరబెట్టాను. ఎనిమిది రోజులు ఆగింది.

తర్వాత హార్నెస్ (బయట తిప్పేటప్పుడు ఒంటికి కట్టే పట్టీ) మీద అనుమానం వచ్చింది. సాయంత్రం డాబా మీద ఇరవై నిమిషాలు తిప్పుతాను, దాని బకిల్ ఎడమవైపే. తీసేశాను. ఈసారి పదకొండు రోజులు పట్టింది, ఉండ కూడా చిన్నది, 1.5 సెంటీమీటర్లు. దారి దొరికిందని ఎంత సంతోషించానో.

నాలుగోసారి హార్నెస్ లేదు, ఆరబెట్టడం అదే 70 నిమిషాలు. మార్చింది ఒక్కటే, వెంట్రుకలు జారుగా ఉంటే చిక్కు పడదు కదా అని కండిషనర్ పెట్టాను. ఆరు రోజులకే ఉండ! బొచ్చు విడదీసి చూస్తే మొదళ్ళు జిడ్డుగా, వేళ్ళకి మైనంలా అంటుకుంటున్నాయి. చంకలో కండిషనర్ పూర్తిగా కడగడం నావల్ల కాలేదనే నా అంచనా. పైగా వెన్న ఎప్పుడూ ఎడమవైపే, గుమ్మం దగ్గర కొబ్బరిపీచు పట్టా మీద పడుకుంటుంది, ఆ రాపిడి కూడా తోడై ఉంటుంది. పట్టా ఈ ఉదయమే తీసేసి నూలు దుప్పటి వేశాను.

ఉండ విడదీయడానికి కార్న్‌ఫ్లోర్ చల్లి, వేళ్ళతో నిలువుగా చీల్చి, చివర్ల నుంచి స్టీలు దువ్వెనతో దువ్వడమే నాకు పనిచేసింది. ఇందుకోసం అమ్మే స్ప్రేల మీద నాకు నమ్మకం లేదు, తడిస్తే ఉండ ఇంకా బిగుసుకుంటుంది. కత్తెర మాత్రం పెట్టకండి. ఉండని పట్టి లాగితే చర్మం కూడా దాంతోపాటే లేస్తుంది, బొచ్చు ఎక్కడ అయిపోయి చర్మం ఎక్కడ మొదలైందో కనపడదు. అత్తయ్య కుంకుడుకాయ రసం వాడమన్నారు, కళ్ళలో పడితే ఎంత మండుతుందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి వద్దన్నాను. కుక్కల పిడుదుల షాంపూ అసలే వద్దు, అందులో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లులకి విషం.

ఈసారి కండిషనర్ మానేసి, చంకల్లో మాత్రం షాంపూ రెండుసార్లు పెట్టి కడుగుతాను. పన్నెండు రోజులు దాటకపోతే వాల్ కంపెనీ క్లిప్పర్‌కి (బొచ్చు గీసే మెషిన్) 10 నంబరు బ్లేడు పెట్టి రెండు చంకల్లోనూ అరచేతిలో సగమంత చోటు గీసేస్తాను, నిలబడినప్పుడు బయటికి కనపడదు. ఒళ్ళంతా గీయించమని చాలామంది అంటున్నారు, ఆ జూలు పెరగడానికి ఎన్ని నెలలు పట్టిందో నాకు తెలుసు, గీయించను.

వచ్చే నెల టీకాకి వెళ్ళినప్పుడు కిడ్నీల అల్ట్రాసౌండ్ కూడా చేయించాలి. పర్షియన్లలో కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఆ జన్యువు వచ్చినా చాలు. వెన్న తల్లిదండ్రుల రిపోర్టులు నా దగ్గర లేవు. మూడేళ్ళ వయసులో స్కాన్‌లో బాగానే తెలుస్తుంది, అందుకే ఇంకా వాయిదా వేయదలచుకోలేదు.