చక్ గార్డు: 900 చుట్ల దగ్గర మొండికేస్తోంది

లేత్‌లో పని ముక్కను పట్టి తిప్పే చక్‌కు అడ్డుగా మూతలాంటి గార్డు బిగించాను, గార్డు తెరిస్తే యంత్రాన్ని ఆపే స్విచ్ (ఇంటర్‌లాక్) పనిచేస్తోంది, అయినా నిమిషానికి 900 చుట్ల వేగం పెట్టగానే లేత్ తనంతట తానే ఆగిపోతోంది. 560 దగ్గర హాయిగా తిరుగుతుంది, 1250 దగ్గరా అంతే. నేను ఎక్కువగా వాడే వేగమే దీనికి గిట్టడం లేదు!

కుదిరినవి రెండు ముక్కల్లో: 4 మి.మీ. పాలికార్బొనేట్ షీటును 120 డిగ్రీల దగ్గర బాగా ఆరబెట్టి వంచాను, ఒక్క బుడగ రాలేదు. గార్డు మూసినంత మాత్రాన మోటారు మొదలు కాదు, స్టార్ట్ బటన్ నొక్కాల్సిందే.

ఇక రోగం సంగతి. గార్డు 16 మి.మీ. కడ్డీ మీద లేస్తుంది, కడ్డీ చివర క్యామ్ (కడ్డీతో తిరిగి పక్కనున్నదాన్ని నెట్టే బిళ్ల) ఉంది. గార్డు లేస్తే ఆ క్యామ్ స్విచ్ రోలరును నొక్కి కాంటాక్టును బలవంతంగా విడదీస్తుంది. (ఇలా బలవంతంగా విడదీసే రకమని చెప్పే వృత్తంలో బాణం గుర్తు లేని స్విచ్‌ను ఎంత చవకగా ఇచ్చినా కొనను. కాంటాక్టు అతుక్కుపోయిన రోజున ఉత్త స్ప్రింగు దాన్ని విడదీస్తుందని నమ్మకం లేదు.) చేత్తో మెల్లగా లేపి చూస్తే, ముందు అంచు 8 మి.మీ. లేచేసరికి యంత్రం ఆగుతోంది. కడ్డీ నుంచి అంచుకు 240 మి.మీ., అంటే సుమారు 1.9 డిగ్రీలు.

మొదటి అనుమానం వైర్ల మీద. ఇంటర్‌లాక్‌ను షార్ట్ చేసి పరీక్షించడం నాకు ఇష్టం లేదు, అందుకే స్విచ్‌లో ఖాళీగా ఉన్న రెండో కాంటాక్టుకు బ్యాటరీ, ఎల్‌ఈడీ కలిపాను. యంత్రం ఆగేముందు ఎల్‌ఈడీ మిణుకుమంటోంది. వైర్ల తప్పేమీ లేదు, గార్డే ఎగురుతోంది. అంచుకు పెన్సిల్ కట్టి పక్కన అట్ట నిలబెట్టాను: 560 దగ్గర గీత పొడవు 1 మి.మీ., 1250 దగ్గర 2, 900 దగ్గర 9.

900 చుట్లంటే సెకనుకు 15. గార్డుకు ఫోను అంటించి, వేలితో తట్టి, కంపనాలు కొలిచే యాప్‌లో చూస్తే 14 చూపింది. ఫోను బరువు తీసేస్తే 15 దగ్గరికే వస్తుంది. చక్ తీసి కాలెట్ (ముక్కను చుట్టూ బిగించి పట్టే చిన్న పట్టు) పెడితే అదే వేగంలో గీత 3 మి.మీ.కు తగ్గింది. కాబట్టి ఊపుతున్నది చక్‌లోని అసమతూకం, ఊగుతున్నది రబ్బరు ఆనిక మీద కూర్చున్న గార్డు.

రబ్బరు తీసి నైలాన్ ఆనిక పెట్టాను. 900 దగ్గర గార్డు ఊగడం తగ్గింది. సంతోషించేలోపే 1250 దగ్గర ఆగడం మొదలైంది! ఆనిక గట్టిపడితే గార్డు సహజ కంపనం పెరిగి పై వేగానికి చేరింది, అంతే.

తర్వాత అయస్కాంతం. గార్డును గట్టిగా పట్టి ఉంచింది, అన్ని వేగాల్లోనూ బాగుంది, మైల్డ్ స్టీలు తిప్పేదాకా. ఇనుప రజను అయస్కాంతానికి గడ్డంలా పట్టేసి, గార్డు 5 మి.మీ. తెరిచి ఉన్నట్టే ఆగింది. మిగిలింది 3 మి.మీ. మాత్రమే, చిన్న అదురుకే యంత్రం ఆగుతోంది. పోత ఇనుము పొడితో ఇంకా ఘోరం.

క్యామ్‌ను కాస్త తిప్పి ఆలస్యంగా తాకేలా చేయవచ్చు, టైమర్ రిలే పెట్టవచ్చు. రెండూ చేయను. 20 మి.మీ. తెరుచుకున్నా చక్ తిరుగుతూనే ఉంటే ఇంత శ్రమ దేనికి?

ఇప్పుడు చేయబోయేది: కడ్డీ ఒక్క వైపే పట్టుకుని 190 మి.మీ. గాలిలో ఉంది. రెండో చివరకు వెనుక పలక నుంచి బ్రాకెట్, అందులో ఇత్తడి బుష్ ఇస్తాను. అయస్కాంతం బదులు క్యామ్ బిళ్లలో చిన్న గుంట చేసి, స్ప్రింగు బాల్ ప్లంజర్ (స్ప్రింగు నెట్టే చిన్న గుండు) దిగేలా పెడతాను. అది హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే పెట్టె) వెనుక కాబట్టి రజను అక్కడికి చేరదు. పెన్సిల్ గీత అన్ని వేగాల్లో 3 మి.మీ. దాటకపోతే చాలు.

షీటు గురించి అడిగేవారికి: పాలికార్బొనేట్ బ్రాండ్లయిన లెక్సాన్, మాక్రోలాన్ మధ్య నాకు తేడా కనిపించలేదు. అక్రిలిక్ మాత్రం వద్దు, దెబ్బ తగిలితే పదునైన ముక్కలవుతుంది. స్క్రూలకు థ్రెడ్‌లాకర్ ద్రవం కూడా వద్దు, పాలికార్బొనేట్ రంధ్రాల చుట్టూ పగుళ్లు తెస్తుంది. నైలాక్ నట్లు (లోపలి నైలాన్ రింగు వల్ల వదులు కానివి) వాడండి.

ఇది తేలాక పెద్ద లేత్‌లో క్యారేజీని (పనిముట్టును మోసే బండిని) నడిపే పొడవాటి మర కడ్డీకి, అంటే లీడ్‌స్క్రూకు, ఉక్కు పట్టీ చుట్టల కవరు వేయాలి. ముడుచుకున్నప్పుడు అది క్యారేజీ ప్రయాణంలో ఎంత మింగుతుందో ముందే కొలవాలి. టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురు చివర ఉండే ఆధారం) వైపు ఇప్పటికే ఇరుకు.