చవకగా దొరికిన ఆటగాడు

అమెరికాలోని ఓక్లాండ్‌లో ఉద్యోగంలో చేరి రెండేళ్లు నిండిన రోజున మా మేనేజరు అందరి ముందూ నా భుజం తట్టి, "నువ్వు మా హ్యాటెబర్గ్‌వి" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పేరు ఎవరిదో ఇంటికి వచ్చి వెతికితే గాని తెలియలేదు.

స్కాట్ హ్యాటెబర్గ్ బేస్‌బాల్‌లో క్యాచరు, అంటే బ్యాటరు వెనక కూర్చుని బంతి పట్టేవాడు. మోచేతి నరం దెబ్బతిని బంతి సరిగా విసరలేని అతన్ని 2002 సీజనుకు ఓక్లాండ్ అథ్లెటిక్స్ జట్టు తీసుకొని, బ్యాటరు పరుగు తీసే దారిలో మొదటి మజిలీ అయిన ఫస్ట్ బేస్‌లో, అలవాటు లేకపోయినా, నిలబెట్టింది. జనరల్ మేనేజరు బిల్లీ బీన్‌కు కావలసింది అతని చెయ్యి కాదు, చెడ్డ బంతిని వదిలేసే ఓపిక. అలాంటి బంతులు నాలుగు పడితే బ్యాటరు కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచి వెళ్తాడు. మన క్రికెట్టులో వైడు ఎక్స్‌ట్రాలకు పోతుందే గాని బ్యాట్స్‌మన్ పేరున పడదు. ఇక్కడా ఆ నడక బ్యాటింగ్ సగటులో కనిపించదు, బ్యాటరు ఎంత తరచుగా బేస్ చేరాడో చెప్పే ఆన్‌బేస్ శాతంలోనే కనిపిస్తుంది. మిగతా జట్లు సగటుకు ధర కడుతున్న రోజుల్లో బీన్ ఆ శాతాన్ని చవకగా కొన్నాడు. జీతాలకు దాదాపు 4 కోట్ల డాలర్లు పెట్టిన ఆ జట్టు, 12 కోట్లకు పైగా పెట్టిన న్యూయార్క్ యాంకీస్‌తో సమానంగా 103 ఆటలు గెలిచింది. వరుసగా 20వ విజయాన్ని హోమ్‌రన్‌తో, అంటే మన సిక్సరులా బంతిని మైదానం దాటించి, తెచ్చిపెట్టినవాడు హ్యాటెబర్గే.

చదువుతున్నంతసేపూ గర్వంగానే ఉంది. తర్వాతే ఏదో గుచ్చుకుంది. నాన్నగారి అనారోగ్యం వల్ల ఉద్యోగం మానేసిన రెండేళ్ల ఖాళీ నా రెజ్యూమెలో ఉంది. దాన్ని చూసి చాలామంది నన్ను పక్కన పెట్టారు. వీరు పక్కన పెట్టలేదు, దాన్ని చూపించి జీతం తగ్గించారు. సంతలో గేదెను చవకగా కొన్నవాడు ఊరంతా చెప్పుకుంటాడు, నిజమే, కాని గేదెను పిలిచి మరీ చెప్పడు.

ఆయన మనసులో చెడు లేదని నాకు తెలుసు. అందరూ వద్దన్నప్పుడు నన్ను తీసుకున్నది ఆయనే. అయితే బీన్ లెక్కను తర్వాత డబ్బున్న జట్లూ నేర్చుకున్నాయి, వాటిలో ఒకటైన బోస్టన్ రెడ్ సాక్స్ 2004లో బేస్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచింది, ఓపికగల బ్యాటర్లకు ధర పెరిగింది. కొనేవారు పెరిగితే ఆటగాడు బేరమాడగలడు. గ్రీన్ కార్డు వరుసలో నిలబడినవాడు జట్టు మారే ముందు పదిసార్లు ఆలోచించుకోవాలి.

ఆ రాత్రి ఈ ముచ్చట అమ్మకు ఫోనులో చెబితే, మెచ్చుకోవడం సరేరా, జీతమేమైనా పెంచారా అని అడిగింది. ఇక్కడ చలి మొదలైందని చెప్పాను.