నూజివీడులో పిల్లలెక్కడ?

నూజివీడు వెళ్లొచ్చానని చెప్పగానే హైదరాబాద్‌లో మా ఆఫీసు వాళ్లందరూ అడిగిన మొదటి మాట "రసాలు తెచ్చావా?" అని. కార్తీకమాసంలో రసాలెక్కణ్నుంచి వస్తాయండీ? దారి పొడవునా మామిడి తోటలే, కానీ చెట్లకి ఇంకా పూత కూడా రాలేదు. పండ్లు కావాలంటే ఏప్రిల్ దాకా ఆగాలి. నేను వెళ్లిన పని వేరు. మా చెల్లెలి కూతురు అక్కడ ట్రిపుల్ ఐటీలో పీయూసీ (మన ఇంటర్ లాంటిది) రెండో ఏడు చదువుతోంది. బావ చేలో తుపాను నీళ్లు తీయించే పనిలో ఉన్నాడు. చెల్లెలికి కాలు బెణికింది. తెనాలికి అమ్మను చూడ్డానికి వచ్చినవాణ్ని ఖాళీగా కనిపించాను కాబట్టి సంచీ నా భుజానికి తగిలించారు.

ఆ సంచీ గురించి చెప్పాలి. అందులో గోంగూర పచ్చడి, సున్నుండలు, జంతికలు, కొబ్బరినూనె, ఒక స్వెట్టరు, మూడు వరసల కారేజీ ఉన్నాయి. కారేజీలో కోడికూర. "వంచకుండా పట్టుకో" అని చెల్లెలు గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. ఆదివారం పొద్దున విజయవాడ బస్టాండులో కారేజీ వంచకుండా పల్లెవెలుగు ఎక్కడం ఎలాంటి పనో ఎక్కినవాళ్లకే తెలుస్తుంది.

బస్సు నిండా ఆడవాళ్లే. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కదా. ఆధార్ చూపించడం, జీరో టికెట్ తీసుకోవడం, కూర్చోవడం. కండక్టరు లోపలికి వస్తూ "మగోళ్లు చిల్లర తియ్యండమ్మా" అని కేకేశాడు. ఆ 'అమ్మా' ఎవరిననేది నాకు అర్థం కాలేదు. టికెట్టు కొన్న మా నలుగురం నిలబడే వెళ్లాం. ఉచితం మీద నాకేమీ కోపం లేదు, మా అమ్మ కూడా ఇప్పుడు నెలకోసారి గుంటూరు ఆసుపత్రికి ఎవర్నీ డబ్బులడక్కుండా వెళ్లొస్తోంది. కానీ రద్దీ పెరిగినప్పుడు బస్సులు కూడా పెంచాలి కదా! నున్న మామిడి మార్కెట్ దాటాక కాస్త సందు దొరికింది. అగిరిపల్లిలో ఒకావిడ జాలిపడి కారేజీని తన ఒళ్లో పెట్టుకుంది. నన్ను మాత్రం కూర్చోమనలేదు.

ఊళ్లో దిగాక ఆటో. క్యాంపస్ మైలవరం రోడ్డులో ఉంటుంది, పెద్ద దూరమేమీ కాదు. రెండొందలు అడిగాడు. "ఇదేం రేటయ్యా" అంటే, "ఆదివారం సార్, పేరెంట్స్ డే" అన్నాడు, అదేదో ప్రభుత్వ సెలవు అయినట్టు. నూట ఇరవైకి దిగాడు. దారిలో ఆగి ఇంకో కుటుంబాన్ని ఎక్కించుకున్నాడు. వాళ్ల దగ్గరా నూట ఇరవయ్యే తీసుకున్నాడు.

కాలేజీ ఊరు అనగానే నాకు మా తెనాలి డిగ్రీ రోజులు గుర్తొస్తాయి. కాలవ వంతెనల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకి పేర్లు పెట్టడం, ఒక టీని ఇద్దరం పంచుకోవడం, హోటలు వాడి ఖాతా పుస్తకంలో మా పేర్లు సంవత్సరాల తరబడి ఉండిపోవడం. ఊరు మమ్మల్ని తిట్టుకునేది, మా మీదే బతికేది. నూజివీడులో అలాంటిదే చూస్తాననుకున్నాను. ఆటోలోంచి చూస్తే రోడ్ల మీద పెద్దవాళ్లే తప్ప ఆ వయసు పిల్లలు పెద్దగా కనిపించలేదు. ధర్మ అప్పారావు కాలేజీ ఈ ఊళ్లో ఎప్పట్నుంచో ఉంది, ఆ పిల్లలు మామూలు రోజుల్లో బస్టాండు దగ్గర తిరుగుతూనే ఉంటారట. ఆదివారం కాబట్టి వాళ్లూ లేరు. మరి ఏటా వెయ్యిమందికి పైగా చేరే, ఆరేళ్ల చదువున్న ట్రిపుల్ ఐటీ పిల్లలెక్కడ?

అందరూ గోడ లోపలే. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఒకేసారి పెట్టారు ఈ ట్రిపుల్ ఐటీలని. పదో తరగతి మార్కులతో తీసుకుంటారు, ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకి కొంత అదనంగా కలుపుతారు. పదిహేనేళ్లకే వచ్చేస్తారు, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. ఆ వయసు పిల్లల్ని అంతమందిని ఊరి మీదికి ఎవరు వదులుతారు? అవుట్‌పాస్ ఉంటేనే బయటికి. మెస్సు లోపలే, ఆట లోపలే, ఆసుపత్రి లోపలే. ఊరికి దక్కేది ఆదివారం వచ్చే మాలాంటి సంచీల వాళ్లం.

గేటు దగ్గర పేరు, ఊరు, బంధుత్వం రాయించుకుని పంపారు. చెట్ల కింద ఎక్కడ చూసినా దుప్పట్లు పరుచుకుని కుటుంబాలు. ఒకచోట తండ్రి పిల్లాడి లాప్‌టాప్ తెరిచి దాన్నే చూస్తూ కూర్చున్నాడు, ఏమీ నొక్కడం లేదు. పక్కన ఒక తల్లి కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని తలకి నూనె పెడుతోంది. ఆ పిల్ల చేతిలో ఏదో ప్రోగ్రామింగ్ నోట్సు, రేపు ల్యాబ్ పరీక్షట. తల్లి జుట్టు లాగినప్పుడల్లా పుస్తకం కదులుతుంది, పిల్ల మళ్లీ సర్దుకుని చదువుకుంటుంది. రెండు జడలు వేసి చివర్న రిబ్బను ముడేసేదాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. అయ్యాక తల్లి దువ్వెనలోంచి రాలిన వెంట్రుకలు తీసి ఉండ చుట్టి కొంగున కట్టుకుంది. క్యాంపస్ శుభ్రంగా ఉంది, అక్కడ పారెయ్యడానికి ఆవిడకి మనసు రాలేదు కాబోలు.

మా పిల్ల వచ్చింది. వస్తూనే నలుగురు స్నేహితురాళ్లని తెచ్చింది. కోడికూర మూత తీసిన ఐదు నిమిషాలకి కారేజీ కడుక్కోవడమే మిగిలింది. నాకు మెడ ముక్క దక్కింది. సున్నుండలు మాత్రం దాచుకుంది, "ఇవి రూమ్‌లో పంచాలి మావయ్యా, లేకపోతే వాళ్లు తెచ్చినప్పుడు నాకు పెట్టరు" అంది. ఎవరి ఊరి నుంచి ఏది వస్తుందో ఆ పిల్లలకి లెక్క ఉంది. కాకినాడ పిల్ల కాజాలు, ఆత్రేయపురం వైపు పిల్ల పూతరేకులు, అనంతపురం పిల్ల వేరుశనగ చిక్కీ. పూతరేకుల పిల్లకి గది మొత్తం మీద పరపతి ఎక్కువట.

"ఊరెలా ఉందే?" అని అడిగాను.

"ఏ ఊరు?"

"ఇదే, నూజివీడు."

కాసేపు ఆలోచించింది. "నాకేం తెలుసు మావయ్యా, ఒకసారి పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. రోడ్డు బాగా రద్దీగా ఉంది."

ఏడాదిన్నర నుంచి అక్కడుంటున్న పిల్ల మాట అది. దానికి తెలిసిన నూజివీడంటే హాస్టల్ కిటికీలోంచి కనిపించే మామిడిచెట్ల వరస, కుండపోతగా కురిస్తే గదుల్లోకి వచ్చే పురుగులు, మెస్సులో ఆదివారం చికెన్ కోసం లైను. తనకి దిగులేమీ లేదు, నేనే ఏదో ఊహించుకుని జాలిపడబోతే నవ్వింది. "ఇంట్లో ఉంటే అమ్మ అసలు గడప దాటనివ్వదు, ఇక్కడ రాత్రి పదింటికి లైబ్రరీ నుంచి ఒక్కదాన్నే నడిచి వస్తాను" అంది. ఆ మాటకి నేను సమాధానం వెతుక్కునేలోపు దాని స్నేహితురాలు వచ్చి వాలీబాల్ ఉందని లాక్కుపోయింది. నాకోసం అంత దూరం నుంచి వచ్చావా మావయ్యా అని ఒక మాటైనా అనలేదు. సరే, కోడికూర మా చెల్లెలు చేసింది, నేను కాదు.

మధ్యాహ్నం ఊళ్లోకి వచ్చాను. నూజివీడు వీణలు చూడాలని ఎప్పట్నుంచో ఉంది. పనసకర్రతో చేస్తారు, బొబ్బిలి తర్వాత మనవాళ్లు చెప్పుకునేది ఇక్కడి వీణల గురించే. ఒకటి రెండు చోట్ల అడిగి, చెప్పిన ఇంటికి వెళితే తాళం. పక్కింటాయన "వనభోజనాలకి పోయారు" అన్నాడు. జమీందార్ల కోటని బయటి నుంచే చూశాను. ఎండ మండిపోతోంది, నవంబరు అని చెబితే నమ్మేటట్టు లేదు. భోజనం నూట యాభై, పప్పు ఒక్కటే బాగుంది. పెరుగు అడిగితే పది అదనం.

చిన్న గాంధీబొమ్మ సెంటర్ వైపు ఒక కొట్టు ముందు నీడకి నిలబడ్డాను. బకెట్లు, మగ్గులు, ఇనప ట్రంకు పెట్టెలు, దోమతెరలు, నంబరు తాళాలు. కొట్టాయన నన్ను చూడగానే "ట్రిపుల్ ఐటీకేనా సార్" అన్నాడు. ఎలా తెలిసిందంటే ఖాళీ కారేజీ చూసి చెప్పాడట. ఆయన మాట్లాడే మనిషి. ఆ ఊరికి రెండే సీజన్లు అని చెప్పాడు. వేసవిలో మామిడి, అది అయిపోగానే అడ్మిషన్లు. మామిడి బాగా పండితే రైతులు కొట్టుకి వస్తారు, పండకపోతే రారు. అడ్మిషన్లకి ఆ బాధ లేదు, ప్రతి ఏడూ పండుతుంది. కొత్త పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు ట్రంకు పెట్టె కొనేటప్పుడు బేరమే ఆడరట. పిల్ల ఎదురుగా ఉంటుంది కదా, పది రూపాయల దగ్గర పరువు పోతుందని. "అదే మనిషి ఏడాది తిరిగాక వచ్చి బకెట్టు దగ్గర గంట బేరమాడతాడు సార్."

పిల్లలు మీ కొట్టుకి రారా అని అడిగాను. "నాలుగో ఏడు వాళ్లు ఎప్పుడైనా వస్తారు. ఉద్యోగం వచ్చిందనుకోండి, సూట్‌కేసు కొనుక్కోడానికి. అప్పుడు చూస్తాను మొహాలు. పోయేటప్పుడు" అన్నాడు. మాటలో వెటకారమేమీ లేదు, తాళాలకి ధర చీటీలు అంటిస్తూ చెప్పాడు. మొహమాటపడి ఒక నంబరు తాళం కొన్నాను. నాకు దాని అవసరం లేదు.

సాయంత్రం బస్టాండులో మళ్లీ అదే గుంపు, ఈసారి సంచీలు ఖాళీగా. పక్కన కూర్చున్నావిడకి యాభై దాటి ఉంటాయి. "ఏటి బాబూ, ఒక్కడివే వచ్చినావా?" అని ఆవిడే పలకరించింది. పాలకొండ అవతల పల్లె. మనవరాలు ఇక్కడ మొదటి ఏడు. శ్రీకాకుళంలోనే ఇంకో క్యాంపస్ ఉంది కదమ్మా, అంటే "ఆళ్లు ఇక్కడిచ్చినారు, మనం అడగ్గలమేటి" అంది. రాత్రి రైలుకి వచ్చారా అన్నాను. కాదట, బస్సుల్లో వచ్చిందట. నాకు మతిపోయింది. రైల్లో హాయిగా పడుకుని రావచ్చు కదా!

అప్పుడు విప్పింది తన ప్రణాళిక. సూపర్ లగ్జరీకి ఉచితం లేదు, ఎక్స్‌ప్రెస్‌కి ఉంది. కాబట్టి పాలకొండ నుంచి విశాఖపట్నం ఒకటి, అక్కణ్నుంచి రాజమండ్రి ఒకటి, రాత్రి అక్కడ బస్టాండులో పడుకుని తెల్లారి ఏలూరు, ఏలూరు నుంచి నూజివీడు. చేతి సంచీలోంచి జీరో టికెట్లన్నీ తీసి చూపించింది, రబ్బరు బ్యాండు వేసి జాగ్రత్తగా దాచింది. ఎందుకు దాచారమ్మా అంటే, ఊళ్లో ఎవరూ నమ్మరు, చూపించాలి అంది. రాజమండ్రిలో దోమలు, ఏలూరులో బాత్రూముకి ఐదు రూపాయలు, దారి మొత్తానికి ఖర్చు అదీ, రెండు టీలూ. టీ పదిహేనుకి అమ్మినవాణ్ని మాత్రం ఇప్పటికీ తిట్టుకుంటోంది. మనవరాలితో గడిపింది ఎంతసేపని అడిగితే "అన్నం తినీదాకా" అంది.

నా వీపు నొప్పి గురించి, నిలబడి చేసిన ప్రయాణం గురించి చెబుదామనుకున్నవాణ్ని ఇక నోరు మూసుకున్నాను.

"ఒక్కరే ఇంత దూరం ఎందుకమ్మా, ఇంట్లో ఆయన్ని తోడు తెచ్చుకోలేకపోయారా?" అన్నాను.

ఆవిడ నన్ను కాస్త జాలిగా చూసింది. "ఆయనొస్తే టికెట్టు పడిపోద్ది బాబూ" అని, ఏలూరు బోర్డు కనపడగానే కొంగు బిగించి, నాకంటే ముందున్న పదిమందిని దాటుకుని బస్సెక్కేసింది.