నీటిగొబ్బి మీద నీలాలు

కడియపులంక నర్సరీలకు వెళ్లినవాళ్లు పూలకుండీల ముందు సెల్ఫీలు దిగుతారు. మేం సైకస్ మొక్కల (చిన్న తాటిచెట్టులా కనిపించే అలంకరణ మొక్క) వరస ముందు మోకాళ్ల మీద కూలబడ్డాం. మేం అంటే నేను, మా బాబాయి. ఆయన జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాడు. జేబులో పెన్ను లేకపోయినా ఫర్వాలేదు గానీ, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం మాత్రం ఉండాల్సిందే. కార్తీకమాసంలో వానలు వెనకబట్టాక డెల్టాలో బుల్లి సీతాకోకచిలుకలు చూద్దామని ఆయన స్కూటర్ మీద బయల్దేరాం. కడియం, కోటిపల్లి, అక్కడ పంటు మీద గౌతమి దాటి ముక్తేశ్వరం, అమలాపురం, యానాం, కోరంగి, చివరికి కాకినాడ. ఇదీ ప్లాను.

సైకస్ ఎప్పుడో గానీ చిగురేయదు. వేసిన చిగురు మెత్తగా ఉండేది కొద్దిరోజులే. సరిగ్గా ఆ అదును చూసుకుని దాని మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక ఒకటుంది, ప్లెయిన్స్ క్యూపిడ్. “ఆయ్, చిగురు కనపడితే చాలండి, ఎక్కడ్నుంచో వచ్చేత్తాయండి. మందు కొట్టకపోతే ఈనెలే మిగుల్తాయి,” అన్నాడు నర్సరీలో పనిచేసే కుర్రాడు. మందు పడని మొక్క ఒకటి మూలన ఉంటే అక్కడికి తీసుకెళ్లాడు.

చుట్ట ఇంకా విప్పుకోని చిగురు మీద గొంగళిపురుగులు బల్లపరుపుగా అతుక్కుని ఉన్నాయి. కొన్ని ఆకుపచ్చగా, కొన్ని వంకాయరంగులో. ప్రతిదాని చుట్టూ చీమలు. కరవడం లేదు, లాక్కెళ్లడం లేదు. మీసాలతో పురుగు వీపు మీద టకటకా తడుతున్నాయి. భూతద్దం దగ్గరగా పెట్టి ఊపిరి బిగబట్టి చూస్తే, పురుగు వెనక భాగంలో ఉన్న గ్రంథి నుంచి సన్నటి తీపి బొట్టు ఉబికింది. ఓ చీమ తాగేసింది. పక్కచీమ వెంటనే తట్టడం మొదలుపెట్టింది. ఆ బొట్టుకి బదులుగా చీమలు కాపలా కాస్తాయి, పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే బుల్లి కందిరీగల్ని దగ్గరికి రానివ్వవు. ఇలాంటి బుల్లి సీతాకోకచిలుకల్ని ‘నీలాలు’ (ఇంగ్లీషులో బ్లూస్) అంటాం. వాటి కుటుంబం లైకేనిడేలో చాలా జాతులకి చీమలతో ఇలాంటి పొత్తే ఉంది.

జావాలో దొరికిన నమూనాల ఆధారంగా ప్రకృతి శాస్త్రవేత్త హార్స్‌ఫీల్డ్ 1829లో ప్లెయిన్స్ క్యూపిడ్‌కి ‘పాండవ’ అని జాతినామం పెట్టాడు. అలంకరణ మొక్కల వ్యాపారం పెరిగేకొద్దీ ఇది కొత్త దేశాలకు పాకింది. 2005లో పసిఫిక్‌లోని గ్వామ్ దీవిలో కనపడింది, అక్కడి అడవుల్లో సహజంగా పెరిగే సైకస్‌కి పెద్ద బెడదే అయింది. ఈ మాట చెబితే కుర్రాడు పురుగు వంక కొత్త మర్యాదతో చూశాడు. మందు కొట్టడం మాత్రం మానడులెండి.

కోటిపల్లి రేవులో పంటు రావడానికి ఇంకా టైముంది. కార్తీక స్నానాలకు వచ్చిన జనం సంగతి సరేసరి. బాబాయి గుడివైపు దణ్ణం పెట్టుకుని నేరుగా రోడ్డుపక్క బోదెలోకి దిగాడు. అక్కడ నీటిగొబ్బి విరగబూసి ఉంది, ఊదారంగు పూలు, కణుపుల దగ్గర పసుప్పచ్చ ముళ్లు. ఆ ముళ్ల మధ్య ఎగురుతున్నవి చొక్కా గుండీ అంత నీలాలు. నిలబడి చూస్తే ధూళి ఎగిరినట్టే ఉంటుంది, కూర్చుంటే తప్ప సీతాకోకచిలుకలని తెలీదు.

మన గట్ల మీద గడ్డిలో తిరిగే ఇలాంటి నీలాలు ముఖ్యంగా నాలుగు. పైనుంచి చూస్తే నాలుగూ ఒకటే, మగవి నీలంగా, ఆడవి మట్టిరంగుగా. తేడా అంతా రెక్క అడుగున, చుక్కల్లో ఉంది. రెక్కలు ముడుచుకుని వాలినప్పుడు ముందు రెక్కలో చుక్కల వరసకీ రెక్క మొదలుకీ నడుమ విడిగా ఒక చుక్క ఉంటే డార్క్ గ్రాస్ బ్లూ గానీ పేల్ గ్రాస్ బ్లూ గానీ అయ్యుండాలి. అది లేకపోతే లెస్సర్ గ్రాస్ బ్లూ. ముందు అంచు వెంబడి అదనపు చుక్క ఉంటే టైనీ గ్రాస్ బ్లూ, రెక్కలు చాచినా రెండు సెంటీమీటర్లు దాటడం తక్కువ. ఒక్క చుక్క కోసం బురదలో గొంతుక్కూర్చుని ఫోను కెమెరా పట్టుకోవడం ఎంత టెన్షనో చెప్పలేను. మన నీడ పడితే చాలు, లేచిపోతుంది.

“చుక్కలెందుకమ్మాయ్, ముందు మొక్క చూడు,” అన్నాడు బాబాయి. ఈ మాటే నాకు ఆ ప్రయాణం పొడుగునా పనికొచ్చింది. టైనీ నీటిగొబ్బి మీద గుడ్లు పెడుతుంది. లెస్సర్‌కి అత్తిపత్తి లాంటి చిక్కుడు కుటుంబం మొక్కలు కావాలి. డార్క్‌ది చిలకతోటకూర, పల్లేరు. పేల్‌ది పులిచింత. తల్లి ఏ మొక్క చుట్టూ తచ్చాడుతోందో చూస్తే సగం పని అయిపోయినట్టే. రంగుబొమ్మల పుస్తకం చేతిలో ఉన్న నాకంటే, కలుపు మొక్కలన్నీ పేరుపేరునా తెలిసిన కూలీ మనిషికి ఈ విద్య సులువుగా అబ్బుతుందని నాకు గట్టి నమ్మకం.

చుక్కలూ మొక్కలూ తేల్చలేని చోట శాస్త్రవేత్తలు మైక్రోస్కోపు కిందకి వెళతారు. మగ సీతాకోకచిలుక పొట్ట చివరి జననాంగాల ఆకారం జాతిజాతికీ మారుతుంది, నీలాల వర్గీకరణలో సగం తగాదాలు తీరింది అక్కడే. నవలాకారుడిగా పేరున్న నబొకోవ్ 1940ల్లో హార్వర్డ్ మ్యూజియంలో కూర్చుని చేసిన పని ఇదే. దక్షిణ అమెరికా నీలాల పూర్వీకులు ఆసియా నుంచి బేరింగ్ జలసంధి దారిలో విడతలు విడతలుగా వచ్చారని 1945లో రాశాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2011లో డీఎన్‌ఏ పరీక్షలు ఆయన చెప్పిందే నిజమన్నాయి. పంటు మీద బాబాయి ఇదంతా చెబుతుంటే పక్కన సైకిలాయన “అదంతా పురుగుల గురించేనాండీ?” అని అడిగాడు.

అమలాపురం వైపు కొబ్బరి తోటల్లో ఎక్కువసేపు ఆగలేదు. దింపు జరుగుతోంది, కాయలు పడుతున్న చోట తల పైకెత్తి సీతాకోకచిలుకలు వెతకడం తెలివైన పని కాదు. చిన్నమొక్కల ఆకుల్ని గొట్టంలా చుట్టుకుని లోపల కాపురముండే పామ్ బాబ్ పురుగుని మాత్రం చూశాం. సార్వా కోతకొచ్చిన చేల గట్ల మీద రైస్ స్విఫ్ట్ అనే గోధుమరంగు బుడతడు చురుగ్గా ఎగిరి పడుతున్నాడు. పురుగుగా ఉన్నప్పుడు వరి ఆకులు తింటాడు. చూపుకి ఏమాత్రం ఆనడు గానీ, 1866లో ఇతనికి శాస్త్రీయ నామం పెట్టినవాడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్, డార్విన్‌తో పాటు ప్రకృతి వరణాన్ని కనుక్కున్న మనిషి. నమూనాలు తైవాన్ నుంచి వచ్చాయి.

ఎదుర్లంక వంతెన దాటి, యానాం దాటి కోరంగి చేరాం. అక్కడి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, చాలావరకు మడ అడవి. చెక్క వంతెన మీద నడుస్తుంటే నల్లమడ, ఉప్పుపొన్న, పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమైన తిల్ల. అందరూ పడవల వైపు పోతున్నారు. నీలాల కోసం వచ్చినవాళ్లకి మడ లోపల పెద్దగా పనిలేదు, వాటికి ఎండా గడ్డీ కావాలి. అందుకే బయటి గట్టు వెంబడే తిరిగాం. అక్కడ సాల్వడోరా పొద చుట్టూ సాల్మన్ అరబ్‌లు కనపడ్డాయి. నీలం కాదు, తెల్ల సీతాకోకచిలుకల కుటుంబం, అందులో చిన్నది. రెక్కల మీద లేత నారింజ, అంచున నలుపు. ఈ పొద ఉన్న చోటే ఉంటుంది, పొదను నరికేస్తే అదీ ఉండదు. గట్టు మీద రేగు కంపల్లో తెల్లటి రెక్కల మీద నల్లచుక్కల కామన్ పియరో కూడా దొరికింది.

టైనీ గ్రాస్ బ్లూ, సాల్మన్ అరబ్, కామన్ పియరో. ఈ మూడింటికీ పేర్లు పెట్టింది ఒకడే, ఫాబ్రీషియస్, అదీ 1775లోనే. జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ శిష్యుడు, డెన్మార్క్ దేశస్థుడు, కీటకాల్ని నోటి భాగాల్ని బట్టి వర్గీకరించినవాడు. పదివేలకు దగ్గరగా కీటకాలకి పేర్లు పెట్టాడు. మన దేశంలో కాలు పెట్టలేదు. మరి ఇక్కడి కీటకాలు ఆయన బల్ల మీదకి ఎలా వెళ్లాయి? పంపినవాళ్లలో ముఖ్యుడు కోనిగ్, ఆయనా లిన్నేయస్ శిష్యుడే. 1768లో తమిళ తీరంలో డేనిష్ వాళ్ల స్థావరమైన తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు, ఆర్కాటు నవాబు కొలువు చేశాడు, 1778 నుంచి ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త. మొక్కలూ పురుగులూ ఏరి, ఎండబెట్టి, ఓడల్లో యూరప్‌కి పంపేవాడు.

ఆ కోనిగ్ చనిపోయింది కాకినాడ జగన్నాథపురంలో. 1785 జూన్‌లో, రక్త విరేచనాలతో. సామర్లకోటలో ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ వచ్చి వైద్యం చేసినా లాభం లేకపోయింది. కాగితాలన్నీ లండన్‌లో ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కి చేరేలా రాసి పోయాడు.

కాబట్టి మా చివరి మజిలీ జగన్నాథపురం. ఒకప్పుడు డచ్చివాళ్ల స్థావరం, ఇప్పుడు ఉప్పుటేరు అవతల లారీలూ ఆటోలూ చేపల వాసనా. ఓ ఖాళీ స్థలంలో, విరిగిన ఇటుకల మధ్య పల్లేరు పాకి ఉంది, పక్కనే చిలకతోటకూర. బాబాయి ఏమీ మాట్లాడకుండా చూపుడువేలు చాచాడు. మట్టిరంగు ఆడది ఒకటి తోటకూర కంకి మీద నడుస్తోంది. ఆగింది, పొట్ట కొసని వంచి మొగ్గల మధ్య దూర్చింది, తీసింది. భూతద్దంలో చూస్తే అక్కడ చదునైన తెల్లటి గుడ్డు, పైనంతా సన్నటి గుంటలు. ముందు రెక్కలో విడి చుక్క స్పష్టంగా ఉంది. డార్క్ గ్రాస్ బ్లూ.

పేరు పెట్టినవాడి పేరు జాతినామం పక్కన ఎప్పటికీ నిలుస్తుంది. ఎండలో తిరిగి ఏరి పంపినవాడిది నిలవదు. ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. కనీసం ఈ ఊళ్లో కోనిగ్ పేరుతో ఒక బోర్డైనా పెట్టొచ్చు కదా అన్నాను.

“బోర్డు పెడితే ముందు చేసేది ఈ కలుపంతా పీకి సిమెంటు పోయడం. అప్పుడు బోర్డు ఉంటుంది, ఇది పోతుంది. ఏది కావాలి నీకు?”

రెండూ కావాలన్నాను. గడ్డి జోలికి పోకుండా గోడకి తగిలించొచ్చు.

“ముందా గోడెవరిదో కనుక్కో,” అంటూ స్కూటర్‌కి కిక్కు కొట్టాడు బాబాయి.