ఎండాకాలంలో స్టార్మ్ ఇమేజింగ్: నా అనుభవం

హనుమకొండ ఎండల్లో మైక్రోట్యూబుల్స్‌కు (కణం లోపలి సన్నటి ప్రోటీన్ గొట్టాలు) స్టార్మ్ (మామూలు మైక్రోస్కోపుకు అందని వివరాన్ని చూపే ఇమేజింగ్ పద్ధతి) చేసి ఇప్పుడే బయటపడ్డాం. చిరాకు తగ్గకముందే రాస్తున్నా.

శాంపిల్ తయారీ తేలికే. 0.17 మి.మీ. కవర్‌స్లిప్, 3 శాతం పారాఫార్మాల్డిహైడ్, 0.1 శాతం గ్లూటరాల్డిహైడ్, ఆపైన అప్పటికప్పుడు కలిపిన 0.1 శాతం సోడియం బోరోహైడ్రైడ్‌లో 7 నిమిషాలు, చివర్లో అలెక్సా 647 అనే వెలిగే రంగు అంటించిన యాంటీబాడీ. ఇమేజింగ్ అప్పుడు శాంపిల్ మీద పోసే బఫర్‌లో, ఆక్సిజన్‌ను తీసేసే ఎంజైమ్ గ్లూకోజ్ ఆక్సిడేజ్ పనిచేస్తున్నకొద్దీ గ్లూకోనిక్ ఆమ్లం పుట్టి పీహెచ్ దిగుతుంది. గంట దాటితే కొత్తది పోయండి.

మా ప్రాణం తీసింది డ్రిఫ్ట్, అంటే రికార్డింగ్ మధ్యలో స్టేజీ (శాంపిల్ పెట్టే పీట) జరిగిపోవడం. 1.49 ఎన్‌ఏ (కాంతిని పోగుచేసే సామర్థ్యం) లెన్సుతో 670 నానోమీటర్ల కాంతికి అబ్బే హద్దు, అంటే మామూలుగా విడివిడిగా చూపగల కనీస దూరం, దాదాపు 225 నానోమీటర్లు. దాన్ని దాటాలంటే ఒక్కో అణువు వెలిగినప్పుడల్లా దాని నడిమధ్యను గుర్తించి, వేల ఫ్రేముల మీద బొమ్మ కట్టాలి. అంతసేపూ స్టేజీ కదలకూడదు.

మా బొమ్మలో చాలా ట్యూబులు జంటగీతలుగా వచ్చాయి. "మైక్రోట్యూబ్ బోలుగా ఉంటుంది కదా, అదే కనబడుతోంది" అని సంబరపడ్డవాళ్లున్నారు. కానే కాదు! గీతల మధ్య 150 నానోమీటర్లుంది. ట్యూబు 25, రెండు యాంటీబాడీల పొరతో కలిపినా 60 దరిదాపే. పైగా బోలుదైతే ఎటు తిరిగిన ట్యూబైనా జంటగానే కనబడాలి. ఇక్కడ ఒక దిక్కున పోయే ట్యూబులు మాత్రం ఒంటిగీతలే. స్టేజీ జరిగింది ఆ దిక్కునే.

కారణం ఏసీ. కంప్రెసర్ ఆగినప్పుడల్లా గది వేడెక్కుతుంది. 10 సెం.మీ. అల్యూమినియం ఒక్క డిగ్రీకే 2.3 మైక్రాన్లు సాగుతుంది. మెయింటెనెన్స్ వాళ్లు గోడమీది మీటరులో 24 డిగ్రీలు చూపించి "అంతా బాగానే ఉంది" అనేసి పోయారు. వాళ్ల మాట నమ్మకండి, స్టేజీకే థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) టేపుతో అంటించి చూడండి. లేజర్లకు లక్షలు మంజూరు చేసేవాళ్లు స్థిరమైన గదికి పైసా ఇవ్వకపోవడం అన్యాయం.

ఏసీ ముందురోజు రాత్రే వేసి ఉంచండి. గాలి మైక్రోస్కోపుకు తగలకుండా అట్ట అడ్డం పెట్టండి. ఫీల్డుకు నాలుగైదు 100 నానోమీటర్ల ఫ్లోరసెంట్ పూసలు చాలు. థండర్‌స్టార్మ్ సాఫ్ట్‌వేర్‌లో డ్రిఫ్ట్ సవరణ వాటితోనే చేయండి. క్రాస్ కోరిలేషన్ (పూసలు లేకుండా బొమ్మలనే ఒకదానితో ఒకటి పోల్చి సవరించడం) నెమ్మదిగా జరిగే కదలికకు పనికొస్తుంది కానీ, కంప్రెసర్ కొట్టే గెంతును పట్టలేదు. ఇవన్నీ చేశాక మా గీతల వెడల్పు 60కి దిగింది, గర్వంగానే చెబుతున్నా. ఫోకస్ పైకీ కిందికీ జారితే మాత్రం తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. ఫోకస్ లాక్ (ఫోకస్‌ను తనంతట తానే నిలిపి ఉంచే పరికరం) లేకుండా రికార్డింగ్ మొదలుపెట్టకండి.